కిరికూ తీసిన మిషెల్ ఒస్లో ఎవరు, ఆయన కెరీర్ ఎలా నడిచింది?

ప్రశ్న అడిగినాయన రాసింది టూకీగా ఇది: ఇంటర్ చదివే మా పాప కిరికూ అనే ఫ్రెంచ్ యానిమేషన్ సినిమా చూసింది, అప్పట్నుంచీ యానిమేషనే చదువుతానని పట్టుబట్టి కూర్చుంది, అసలు ఆ డైరెక్టర్ ఎవరు, ఎలా పైకొచ్చాడు, ఆయన దగ్గర మా పాప నేర్చుకునేది ఏమైనా ఉందా అని.

నేను హైదరాబాద్‌లో ఇదే పనిలో 19 ఏళ్ళుగా ఉన్నానండీ, ఒస్లో సినిమాలు దాదాపు అన్నీ చూశా, కొన్ని ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపి చూశా. కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, తీరిగ్గా చదవండి.

ముందు పేరు సంగతి. స్పెల్లింగ్ చూసి చాలామంది ఓసెలాట్ అని చదువుతారు, ఫ్రెంచ్ వాళ్ళు పలికేది ఒస్లో అని, నార్వే రాజధాని పేరులాగే. 1943 అక్టోబర్ 27న ఫ్రాన్స్ దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున విల్‌ఫ్రాన్ష్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఆరేళ్ళప్పుడు కుటుంబమంతా ఆఫ్రికాకి, గినీలోని కొనాక్రీకి వెళ్ళింది, అప్పటికి గినీ ఇంకా ఫ్రాన్స్ చేతి కిందే ఉంది. పన్నెండేళ్ళు వచ్చేదాకా అక్కడే బడి, అక్కడే ఆటలు, అక్కడే స్నేహితులు. ఆ తర్వాత తిరిగి ఫ్రాన్స్, ఆంజే అనే ఊరు. ఈ ఆరేళ్ళు గుర్తుపెట్టుకోండి, నలభై ఏళ్ళ తర్వాత కిరికూలో కనపడే ఎర్రమట్టి, ఆ పచ్చదనం, నీళ్ళకి కుండ ఎత్తుకెళ్ళే ఆడవాళ్ళ నడక అన్నీ ఈ ఆరేళ్ళలోవే.

చదువు పారిస్‌లో డెకొరేటివ్ ఆర్ట్స్ స్కూల్లో, తర్వాత కొన్నాళ్ళు అమెరికాలో కాల్ఆర్ట్స్‌లో. కాల్ఆర్ట్స్ అంటే డిస్నీ డబ్బుతో పుట్టిన కాలేజీ, అక్కడికి వెళ్ళొచ్చి కూడా డిస్నీ పద్ధతిలో ఒక్క సినిమా తీయలేదు చూడండి. యానిమేషన్ మట్టుకు చాలావరకు సొంతంగా చేసుకుంటూ నేర్చుకున్నదే.

1976లో జెదెయోన్ అనే బాతు మీద టీవీ సీరీస్ చేశాడు. అందరూ ఆయన్ని గమనించింది 1980లో, ముగ్గురు ఇన్వెంటర్లు అనే పదమూడు నిమిషాల షార్ట్‌ఫిల్మ్‌తో. ఇది మీ పాపకి తప్పకుండా చూపించండి. కేకుల కింద వేసే చిల్లుల డిజైన్ పేపర్ ఉంటుంది కదా, బేకరీలో చూసే ఉంటారు, అట్లాంటి లేసు కాగితం, దాని మీద కాగితమే కత్తిరించి అతికించి మనుషులు, ఇల్లు, యంత్రాలు, మొత్తం తెల్లకాగితం ప్రపంచం. కథ ఏమిటంటే ఒక భార్యాభర్త, వాళ్ళ కూతురు, ముగ్గురూ అందమైన యంత్రాలు తయారుచేస్తుంటారు, ఊళ్ళోవాళ్ళకి అవేంటో అర్థం కాక భయపడి చివరికి అన్నీ తగలబెట్టేస్తారు. కాగితం కాలుతుందని మనకి తెలుసు కదా, ఆ తెలిసినదాన్నే పట్టుకుని కథ నడిపాడు. దానికి బ్రిటన్‌లో బాఫ్టా అనే పెద్ద సినిమా అవార్డు వచ్చింది. ఆ తర్వాత 1982లో గూనివాడి కథ ఒకటి తీస్తే దానికి ఫ్రాన్స్‌లో సెజార్ అవార్డు, అంటే వాళ్ళకి జాతీయ అవార్డు లాంటిది.

ఇక్కడిదాకా చదివి అబ్బో నలభై ఏళ్ళకే సెటిల్ అయిపోయాడు అనుకుంటారు. కాలేదు. అవార్డులు వచ్చాయి కానీ పెద్ద సినిమా మాత్రం రాలేదు. అప్పట్లో ఫ్రాన్స్‌లో సినిమా హాల్లో ఆడే సొంత యానిమేషన్ సినిమాలు చాలా తక్కువ, ఎవరూ డబ్బు పెట్టేవాళ్ళు కాదు, పెట్టినా పని విదేశాలకి పంపేవాళ్ళు.

అప్పుడు ఆయన నల్లకాగితం పట్టుకున్నాడు. దానికి మొదటి కారణం డబ్బే, దాచుకోవాల్సింది ఏమీ లేదు. మనిషిని రంగులేసి గీయాలంటే బట్టల మడతలు, ముఖంలో భావాలు, నీడలు, ఎంతమంది కూర్చుని గీయాలి. అదే నల్లకాగితం కత్తిరించి వెనక నుంచి లైటు వేస్తే అవేవీ అక్కర్లేదు, ఆకారం ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు. జర్మనీలో లోట్టె రైనిగర్ అనే ఆవిడ 1926లోనే ఈ పద్ధతిలో పూర్తి నిడివి సినిమా తీసింది, ఒస్లో ఆ దారిలోవాడే. మాది అనంతపురం వైపు, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలు చిన్నప్పట్నుంచీ చూసినవాణ్ణి కాబట్టి నాకు ఇది చూడగానే మనసుకి పట్టేసింది. తేడా ఏమిటంటే మన బొమ్మల్లో తోలుని పల్చగా చేసి రంగులేస్తారు కాబట్టి లైటు బొమ్మలోంచి దూరి రంగులు వెలుగుతాయి, ఒస్లో దగ్గర బొమ్మ కటిక నలుపు, రంగంతా వెనక ఆకాశంలో ఉంటుంది. కానీ ముఖాన్ని పక్క నుంచి చూపించడం, చేతుల్ని శరీరానికి దూరంగా పెట్టి ఏం చేస్తున్నాడో తెలిసేలా చేయడం, ఈ కిటుకులు రెండుచోట్లా ఒకటే.

అట్లా 1989లో సినే సి అనే టీవీ సీరీస్ తీశాడు, ఎనిమిది కథలు, ఒక్కోటి పన్నెండు నిమిషాలు. ఒక పాడుబడ్డ సినిమా హాలు, రాత్రిపూట ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఒక పెద్దాయన అక్కడ చేరి ఈరోజు ఏ కథ ఆడదాం అనుకుంటారు, వేషాలు ఎంచుకుంటారు, కథలోకి దూరిపోతారు, అంతే సెటప్. అందులో మంత్రగత్తె కథ ఒకటుంది. మంత్రగత్తె కోటలోకి ఎవరు వెళ్తే వాడికి నా కూతుర్నిచ్చి చేస్తా అంటాడు రాజు. రాజకుమారులు ఒకరి తర్వాత ఒకరు ఫిరంగులు, సైన్యాలు తెచ్చి కోట మీద పడతారు, ఆవిడ అందర్నీ చిత్తు చేస్తుంది. చివర్లో ఒక మామూలు కుర్రాడు ఒంటరిగా వెళ్ళి తలుపు కొట్టి లోపలికి రావచ్చా అని మర్యాదగా అడుగుతాడు. ఇన్నేళ్ళలో నన్ను అడిగింది నువ్వొక్కడివే అని ఆవిడ తలుపు తీస్తుంది. లోపలికెళ్ళి కోటంతా చూసి బయటికొచ్చాక వాడు రాజుగారి కూతురు వద్దంటాడు, ఆవిణ్ణే చేసుకుంటానంటాడు. పన్నెండు నిమిషాల్లో, నల్లకాగితంతో. ఈ కథ నేను మా స్టోరీబోర్డ్ పిల్లలకి ఏటా చూపిస్తా, సౌండ్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి, సౌండ్ లేకుండా కూడా చాలామటుకు అర్థమవుతుంది.

కానీ టీవీలో ఆ సీరీస్ ఆడలేదు. ఎవరూ పెద్దగా చూడలేదు. ఆ తర్వాత 1992లో ఒక టీవీ స్పెషల్ తప్ప కిరికూ దాకా ఆయన లిస్టులో చెప్పుకోదగ్గ పెద్ద పని ఏదీ కనపడదు. అప్పటికి ఆయనకి యాభై దగ్గరపడింది. ఆయన గురించి రాసేవాళ్ళు ఈ ఏళ్ళని ఒక లైన్లో దాటేస్తారు, నాకేమో జీవితం మొత్తంలో అసలు చూడాల్సింది ఇక్కడే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ టైంలో కూడా ఆయన తన పద్ధతి మార్చుకుని అందరూ అడిగే రకం బొమ్మలు వేయడానికి వెళ్ళలేదు. 1994 నుంచి 2000 దాకా ప్రపంచ యానిమేటర్ల సంఘం ఆసిఫాకి ప్రెసిడెంట్‌గా చేశాడు, అంటే తోటివాళ్ళకి ఆయన విలువ బాగా తెలుసు, డబ్బు పెట్టేవాళ్ళకే తెలీలేదు.

ఇక కిరికూ. పశ్చిమ ఆఫ్రికా కథలని వలస కాలంలో ఒక ఫ్రెంచ్ ఆఫీసర్ పోగుచేసి పుస్తకాలుగా వేశాడు, అందులో కడుపులోంచే మాట్లాడే పిల్లాడి కథ ఒకటి ఒస్లో కంట పడింది. అమ్మా నన్ను కను అంటాడు కడుపులోంచి, కడుపులోంచి మాట్లాడే బిడ్డ తనంతట తనే పుట్టగలడు అంటుంది అమ్మ, వాడు పాక్కుంటూ బయటికొచ్చి బొడ్డు తనే తెంపుకుని నా పేరు కిరికూ అంటాడు. మన ఇళ్ళల్లో ఈ సీన్ ఎవరికీ విడ్డూరం అనిపించదు, గర్భంలో నారాయణ మంత్రం విన్న ప్రహ్లాదుడు, సుభద్ర కడుపులో పద్మవ్యూహం విన్న అభిమన్యుడు మనకి ఇంట్లోవాళ్ళే కదా. సినిమాలో వాడి గురించి పాటలు కూడా పాడతారు, చిన్నవాడే కానీ ధైర్యవంతుడు అని, మనవాళ్ళు పొట్టివాడు గట్టివాడు అన్నట్టు.

ఒస్లో చేసిన పెద్ద మార్పు ఏమిటంటే కథని మంత్రగత్తెని ఓడించడం నుంచి ఆవిడ ఎందుకట్లా ఉంది అనే ప్రశ్న మీదికి తిప్పాడు. ఊళ్ళో పెద్దలంతా కరబా అనే ఆ మంత్రగత్తెకి భయపడుతుంటే ఈ బుడ్డోడు ఒక్కడే అడుగుతాడు, కరబా ఎందుకు చెడ్డది అని, ఎవరూ జవాబు చెప్పరు, వాడు వదలడు, భూమి కింద కలుగుల్లోంచి పాక్కుంటూ కొండలో ఉన్న తాత దగ్గరికి వెళ్తాడు. నాకొక తాయెత్తు ఇవ్వు అంటే తాత ఇవ్వడు, అవి లేకపోవడమే నీ బలం అంటాడు. కరబా వీపులో విషపు ముల్లు ఉంది, మగవాళ్ళు పట్టుకుని బలవంతంగా గుచ్చింది, ఆ నొప్పే ఆవిడ కోపం, ఆ నొప్పే ఆవిడ మంత్రశక్తి కూడా, తీయనివ్వదు ఎందుకంటే తీసేటప్పుడు మళ్ళీ అదే బాధ పడాలి. చివరికి కిరికూ వెనక నుంచి దూకి పళ్ళతో ఆ ముల్లు లాగుతాడు. ఆ సీన్ ఆపి ఆపి చూడండి, పెద్ద యాక్షన్ ఏమీ లేదు, ఒక అరుపు, ఆ అరుపుతో చుట్టూ ఉన్న అడవి అంతా ఆగిపోయినట్టు ఉంటుంది, తర్వాత ఎండిన చోట పూలు. పిల్లల సినిమాలో ఒక ఆడమనిషికి జరిగిన అన్యాయాన్ని ఇంత సూటిగా, ఇంత మర్యాదగా చెప్పినవాళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ.

బొమ్మల విషయానికొస్తే మనుషుల నిలబడే తీరు పాత ఈజిప్టు చిత్రాల నుంచి, చెట్లు ఆకులు ఆన్రీ రూసో అనే ఫ్రెంచ్ పెయింటర్ అడవుల నుంచి తీసుకున్నాడు. గొంతులు పారిస్ యాక్టర్లతో చెప్పించొచ్చు, కాదని సెనెగల్ రాజధాని డకార్ వెళ్ళి అక్కడివాళ్ళతో, అక్కడి పిల్లలతో చెప్పించాడు. మ్యూజిక్ సెనెగల్ గాయకుడు యూసూ ఎన్‌డూర్, ఆయనకి పెట్టిన షరతు ఆఫ్రికా సాంప్రదాయ వాద్యాలు మాత్రమే వాడాలని. నిర్మాత దిదియే బ్రునేర్, ఫ్రాన్స్ బెల్జియం లక్సెంబర్గ్ డబ్బు, యానిమేషన్ పని లాత్వియా, హంగరీ స్టూడియోల్లో, అంటే ఒక చిన్న సినిమాకి ఇన్ని దేశాల్లో చెయ్యి చాచాల్సి వచ్చింది.

గొడవ వచ్చింది రొమ్ముల దగ్గర. సినిమాలో ఊరి ఆడవాళ్ళకి పైన బట్ట ఉండదు, పిల్లలు బట్టల్లేకుండా తిరుగుతారు, ఎందుకంటే చిన్నప్పుడు ఆయన చూసింది అదే, అక్కడ అది మామూలు. డబ్బు పెట్టేవాళ్ళు, బయటి దేశాల టీవీలవాళ్ళు కప్పమన్నారు, కప్పితే అమెరికాలో ఇంగ్లండ్‌లో సులువుగా అమ్ముకోవచ్చన్నారు. ఒప్పుకోలేదు. ఇంగ్లీష్ దేశాల్లో ఆ సినిమా సరిగ్గా రిలీజ్ అవ్వడానికి దాని వల్ల కూడా ఇబ్బంది అయింది, అయినా ఒప్పుకోలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. కెరీర్ మొదట్లో ఒక విదేశీ క్లయింట్ పిల్లల సీరీస్‌కి పల్లెటూరి ముసలావిడ బొమ్మ వేయమంటే నేను మా అవ్వని వేశాను. మా అవ్వ జన్మలో రవిక తొడగలేదు, ఆ తరంలో మా వైపు చాలామంది అంతే, చీర కొంగే భుజాల చుట్టూ కప్పుకుని పొలం పనులు చేసేది, ఎముకలు కనపడే ఆ భుజం, దాని మీద పచ్చబొట్టు, అదే నాకు అవ్వ అంటే. క్లయింట్ నుంచి మెయిల్ వచ్చింది, బ్లౌజ్ వేయండి అని. మా సూపర్‌వైజర్ నన్ను అడగను కూడా అడగలేదు, గంటలో ఫుల్ హ్యాండ్స్ జాకెట్ వేసేశాం, వేసింది నేనే, నా చేత్తోనే. ఎపిసోడ్ వెళ్ళిపోయింది. ఏడాది తర్వాత ఒక ఫ్రెండ్ డీవీడీ ఇస్తే కిరికూ చూశాను, కిరికూ వాళ్ళమ్మ కుండ దించి నిలబడిన ఫ్రేమ్ దగ్గర ఆపేసి చాలాసేపు కూర్చున్నా. అప్పట్నుంచీ ఒస్లో నాకు మామూలు డైరెక్టర్ కాదు. నేను ఒక్క మెయిల్‌కి జవాబు కూడా రాయలేకపోయిన చోట ఆయన మొత్తం సినిమానే పణంగా పెట్టి కూర్చున్నాడు.

1998 డిసెంబర్ 9న ఫ్రాన్స్‌లో రిలీజ్. అదే ఏడాది చివర్లోనే ములాన్, ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్ లాంటి భారీ సినిమాలున్నాయి. అయినా నోటిమాటతో నిలబడి పది లక్షల పైన టికెట్లు తెగాయి, మరుసటి ఏడు ఫ్రాన్స్‌లోనే జరిగే ఆన్సీ యానిమేషన్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన వయసు యాభై అయిదు. మొదటి పూర్తి నిడివి సినిమా, యాభై అయిదేళ్ళకి. టీవీలో ఎవరూ చూడని ఆ నల్లకాగితం కథల్లో ఆరింటిని కలిపి 2000లో ప్రిన్సులు ప్రిన్సెసులు అని హాల్లో వేస్తే ఈసారి జనం వచ్చారు. పదేళ్ళ కిందటి బొమ్మలే.

బ్రునేర్ కూడా ఆ ఊపులోనే బెల్‌విల్ ట్రిప్లెట్స్ లాంటి సినిమాలు చేయగలిగాడు, ఫ్రాన్స్‌లో యానిమేషన్ సినిమాకి డబ్బు పెట్టొచ్చు అనే ధైర్యం కిరికూతోనే వచ్చింది అని అక్కడివాళ్ళే చెప్తారు. అయితే ఒక్క మనిషి మొండితనం వల్లే ఇదంతా జరిగిందంటే నేను ఒప్పుకోను. ఫ్రాన్స్‌లో ప్రతి సినిమా టికెట్ మీద పదిశాతం పైన తీసి సీఎన్‌సీ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా మళ్ళీ సినిమాలకే ఇస్తారు, హాలీవుడ్ సినిమా టికెట్ డబ్బులోంచి కూడా తీస్తారు. షార్ట్‌ఫిల్మ్‌లకి, టీవీ వాళ్ళ పెట్టుబడికి కూడా రూల్స్ ఉన్నాయి. ఆ వ్యవస్థ లేకపోతే ఒస్లో లాంటివాడు ఎంత మొండివాడైనా ముప్పై ఏళ్ళు నిలబడటం కష్టం. మన దగ్గర అది లేదు, హైదరాబాద్‌లో మా పని ఎక్కువశాతం బయటివాళ్ళ సినిమాలకి చేసి పంపే సర్వీస్ పని, జీతాలు వస్తాయి, చేతికి పని బాగా వస్తుంది, కానీ కథ మనది కాదు. ఇది మీ పాపకి ఇప్పుడే తెలియడం మంచిది.

తర్వాతి సినిమాలు త్వరగా చెప్పేస్తా. కిరికూకి 2005లో, 2012లో రెండు కొనసాగింపులు వచ్చాయి, చిన్నపిల్లలకి బావుంటాయి, మొదటిదాని లోతు లేదు. 2006లో అజూర్, అస్మార్, ఇది నాకు కంటికి అన్నిటికన్నా అందమైన సినిమా, మొదటిసారి కంప్యూటర్ 3డీ చేశాడు కానీ ముఖాలకి మాత్రమే గుండ్రదనం ఇచ్చి బట్టల్ని పలకలాగా ఫ్లాట్‌గా ఉంచాడు, పాత పర్షియన్ చిత్రాల్లోలాగా. నీలికళ్ళ తెల్లపిల్లాడు, నల్లకళ్ళ అరబ్ పిల్లాడు, ఇద్దరికీ పాలిచ్చి పెంచింది ఒకే అమ్మ. పెద్దయ్యాక నీలికళ్ళవాడు సముద్రం దాటి వెళ్తే అక్కడ నీలికళ్ళు అపశకునం అంటారు, పాపం గుడ్డివాడిగా నటించాల్సి వస్తుంది. అరబిక్ మాటలకి సబ్‌టైటిల్స్ వేయలేదు కావాలనే, అక్కడ కొత్తగా దిగిన కుర్రాడికి ఎంత అర్థమవుతుందో మనకీ అంతే అర్థం కావాలని. 2007లో ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ పాటకి ఒక వీడియో చేశాడు. 2011లో మళ్ళీ నల్లబొమ్మల కథలు, బెర్లిన్ ఫెస్టివల్ పోటీలో ఆడింది. 2018లో దిలిలీ ఇన్ పారిస్, తనే పారిస్ అంతా తిరిగి తీసుకున్న ఫొటోల మీద బొమ్మలు నడిపించాడు, దానికి సెజార్ వచ్చింది, నిజం చెప్పాలంటే నాకు అందులో బొమ్మల నడక కాస్త బిగుసుకుపోయినట్టు అనిపించింది, మాటలు కూడా ఎక్కువ, కానీ కిడ్నాపైన ఆడపిల్లల్ని వెతుక్కుంటూ వెళ్ళే ఆ చిన్నపిల్ల కథ మీ పాప వయసువాళ్ళకి బాగా తగులుతుంది. 2022లో, అంటే డెబ్భై ఎనిమిదేళ్ళకి, ఇంకో మూడు కథల సినిమా వచ్చింది, ఈజిప్టు ఫారో కథతో మొదలవుతుంది.

మీ అసలు ప్రశ్న, పాప ఏం నేర్చుకోవచ్చు అని. కోర్సు ఫీజు కట్టేముందు ఈ సెలవుల్లో ఒకటి చేయించి చూడండి, ఖర్చు వెయ్యి రూపాయలు దాటదు. ఇంట్లో ఒక గాజు పలక ఉంటే దాన్ని రెండు స్టూళ్ళ మీద పెట్టి కింద ఎల్ఈడీ బల్బు, గాజు మీద ట్రేసింగ్ పేపర్, పైన ఫోన్ కదలకుండా ఒక స్టాండ్. మందంగా ఉండే నల్ల చార్ట్ తీసుకోండి, పల్చటిదైతే లైటుకి వంకరపోతుంది. తల, మొండెం, పైచెయ్యి, ముంజెయ్యి, తొడ, పిక్క, పాదం విడివిడిగా కత్తిరించి, అతుకుల దగ్గర గుండ్రంగా ఒకదాని మీద ఒకటి వచ్చేలా ఉంచి, సూదితో చిల్లు పెట్టి సన్నటి రాగితీగ దూర్చి రెండువైపులా వంచేయాలి. కీలు మరీ బిగుతైతే కాలు కదలదు, వదులైతే ఫొటో తీసేలోపే జారిపోతుంది, ఇది చేత్తో చేసి చూసుకోవాల్సిందే. సెకనుకి పన్నెండు ఫొటోలు చొప్పున తీయాలి, ఫోన్‌లో స్టాప్‌మోషన్ యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి.

మొదటివారం కథ వద్దు, ఒక మనిషి నడిచొచ్చి తలుపు కొట్టి ఆగడం, అంతే చేయమనండి. ఆగినప్పుడు ఆ మనిషి భయపడుతున్నాడా, ఆశగా ఉన్నాడా, నల్లటి ఆకారంలోనే తెలియాలి, ముఖం కనపడదు కాబట్టి మెడ వంపు, చేతిని తలుపుకి ఎంత దూరంలో ఆపాడు అన్నదాంట్లోనే చూపించాలి. అది అయ్యాక మంత్రగత్తె కథలో ఆ కుర్రాడు తలుపు కొట్టే సీన్ పెట్టి పక్కన కూర్చుని చూడండి. పాప వీడియో ఇక్కడ పెడితే నేను ఫ్రేమ్ ఫ్రేమ్ చూసి ఎక్కడ ఏం మార్చాలో రాస్తా.